చెప్పులు విడిచి కొలిచిన గడి

నార్కట్‌పల్లి దాటగానే రోడ్డు పక్కన ఒక బంగళా లేస్తోంది. దాన్ని కట్టిస్తున్న అబ్బాయి పోయిన నెల ప్లాను చుట్ట చంకలో పెట్టుకుని మా ఇంటికి వచ్చాడు. రిటైరైన ఇంజనీరు కదా, ఒకసారి చూపించమని వాళ్ల మామ పంపాడట. చూశాను. కిందా మీదా కలిపి ఎన్ని హాళ్లో నాకు అంతు చిక్కలేదు. సినిమా చూడటానికి ఒక గది, కసరత్తుకు ఒక గది, బూట్లు పెట్టుకోవడానికి ఇంకో గది.

"బాబూ, పొద్దున లేచినంక చాయ్ ఏడ తాగుతవు?" అని అడిగాను.

"గిదో, గీ డైనింగ్ హాల్ల సార్."

"అది రేపటి సంగతి. ఇప్పుడున్న ఇంట్ల ఏడ తాగుతున్నవు?"

అబ్బాయి కాస్త సిగ్గుపడ్డాడు. "వంటింట్ల సార్. పొయ్యి బండకు ఆనుకొని తాగుత. అమ్మ గిన్నెలు సదురుకుంట ఏదో ఒకటి చెప్తుంటది."

"మరి గిందుల మీ అమ్మ పక్కన నిలవడే జాగా ఏది? జర చూపెట్టు."

అబ్బాయి వేలు ప్లాను మీద చాలాసేపు తిరిగింది. వంటిల్లు పనివాళ్ల కోసమని ఇంటి వెనక వేరుగా గీసి ఉంది. అతను ప్లాను చుట్టేసి, నేను తెప్పించిన చాయ్ కూడా తాగకుండా పోయాడు. ముసలాయన ఓర్వలేకపోతున్నాడు అనుకుని ఉంటాడు. అనుకోనీ.

ఆ ప్రశ్న నా సొంతం కాదు. నా మొదటి పై అధికారి గౌస్ సాబ్ దగ్గర నేర్చుకున్నది. ఇళ్లు కట్టే పనిలోకి కొత్తగా వస్తున్న పిల్లల కోసం అదెలా నేర్చుకున్నానో రాయాలనిపించింది. నేను ఏ కుర్చీలో ఎప్పుడు కూర్చున్నానో, ఏ ఫైలు ఎవరి బల్ల మీద ఆగిందో రాయను. అవి చదివితే మీకు నిద్రొస్తుంది, రాస్తే నాకు కోపమొస్తుంది.

గౌస్ సాబ్ పద్ధతి

మాది మోత్కూర్ దగ్గర సేద్యం చేసుకునే కుటుంబం. మా ఇంట్లో కొలత టేపు పట్టుకున్న మొదటివాణ్ని నేనే. ఓవర్‌సీరు చదువు ముగించి ఉద్యోగంలో చేరేసరికి పోలీసు చర్య జరిగి ఎంతో కాలం కాలేదు. అడవుల వైపు ఇంకా కాల్పులు వినబడుతున్న రోజులు. అంతకు ముందే ఊళ్లలో రైతుల సంఘం లేచింది, దొరలు ఒక్కొక్కరే బండ్లు కట్టుకుని నగరానికి పోయారు. వాళ్లుండే కోటల్లాంటి ఇళ్లు, గడీలు, ఖాళీగా పడి ఉన్నాయి. కొన్నింటిలో మిలట్రీ వాళ్లు దిగి కొన్నాళ్లుండి వెళ్లారు. అలాంటి గడీల్లో కొన్నిటిని దవాఖానలుగా, బడులుగా మార్చాలని కొత్త సర్కారు అనుకుంది. ఎక్కడ గోడ కొట్టాలో, ఎక్కడ కిటికీ తెరవాలో తేల్చడం మా పని.

గౌస్ సాబ్ పాత సర్కారు నాటి ఇంజనీరు. గడ్డం నెరిసిన మనిషి, మాట నెమ్మది. పోలీసు చర్య రోజుల్లో ఆయన భార్యాపిల్లలు జిల్లాలో ఉన్న సొంత ఇల్లు వదిలేసి నగరంలో బావమరిది ఇంట్లో ఒక గదిలో తలదాచుకున్నారు. మళ్లీ ఆ ఇంటికి పోయే ధైర్యం చేయలేదు. ఆయన ఆఫీసు వరండాలో మంచం వేసుకుని పడుకునేవాడు. తన ఉద్యోగం ఉంటుందో ఊడుతుందో ఆయనకే తెలియదు. అయినా పనిలో ఎక్కడా తొందర లేదు, ఎవరి మీదా విసుగు లేదు.

ఆయనతో వెళ్లిన మొదటి కట్టడంలో నేను ఉత్సాహంగా టేపు తీశాను.

"టేపు లోపట వెట్టు మియా. ముందుగాల బూట్లు ఇడువు" అన్నాడు.

నాకు అర్థం కాలేదు. ఆయనే కూర్చుని తన బూట్లు, మేజోళ్లు విప్పి పక్కన పెట్టాడు. "గోడలు చూస్తె కట్టిచ్చినోని సంగతి తెలుస్తది. నేల తొక్కితె ఉన్నోళ్ల సంగతి తెలుస్తది. మనం రేపు ఉండేటోళ్ల కోసం మారుస్తున్నం గద. నడువు."

అప్పటి ఇళ్లలో నేల సున్నపు గచ్చు. కంటికి అంతా ఒకేలా మెరుస్తుంది. ఒట్టి కాలితో నడిస్తే మాత్రం తేడా తెలిసిపోతుంది. మనుషులు మసిలిన చోట వెన్నలా నున్నగా ఉంటుంది. ఎవరూ తిరగని చోట తాపీ గీసిన సన్నటి గరుకు అలాగే ఉంటుంది. గౌస్ సాబ్ ఇల్లంతా అలా నడిచి, ఇక్కడ కూర్చునేవాళ్లు, ఇటు నుంచి నీళ్లు మోసేవాళ్లు, ఈ కిటికీ దగ్గర ఎవరో నిలబడి ఎదురుచూసేవాళ్లు అని చెప్పేవాడు. ఆ తర్వాతే టేపు. నేను ఉద్యోగం చేసినన్నాళ్లూ ఆ పద్ధతే పాటించాను. వెనకాల నవ్వినవాళ్లూ ఉన్నారు.

చెప్పుల గొడవ

నేను చెప్పబోయే గడి మోత్కూర్‌కు అవతల ఒక ఊళ్లో ఉంది. దాని దొర, పక్క తాలూకాలో ఉన్న అతని చెల్లెలి మొగుడు పోటీ పడి గడీలు కట్టారు. ఇతను రెండంతస్తులు లేపితే అతను మూడు లేపాడు. ఇతను మూడోది వేసి, దాని మీద ఊరికే ఒక బురుజు నిలబెట్టాడు. బురుజు ఎక్కడానికి మెట్లు పెట్టడం మరిచిపోయారు. ఏనుగు పట్టే దర్వాజ పెట్టించాడు గానీ ఆ ఊరికి ఏనుగు ఎన్నడూ రాలేదు. ఇద్దరిలో ఎవరు గెలిచారో నాకు తెలియదు. మేం పోయేనాటికి ఇద్దరూ నగరంలో కిరాయి ఇళ్లలో ఉంటున్నారని మాత్రం విన్నాను.

కొట్టే పనికీ కట్టే పనికీ సాయిలు మేస్త్రీని, అతని వాళ్లను పిలిపించాం. వడ్డెరవాళ్లు. ఆ గడికి రాయి కొట్టింది వాళ్ల తండ్రులే, గచ్చు దంచింది వాళ్ల తల్లులే. కూలి ముట్టలేదు, వెట్టి. ఆ పొద్దున వాళ్లంతా కిర్రుకిర్రుమనే చెప్పులేసుకుని వచ్చారు. ఆడవాళ్లకు కూడా ఉన్నాయి. పనికి వస్తూ ఇంత ముస్తాబేమిటని నేను మనసులో నవ్వుకున్నాను.

గౌస్ సాబ్ లోపలి గడప దగ్గర ఆగి, అలవాటు ప్రకారం అన్నాడు: "అందరు చెప్పులు ఇడిచి లోపటికి రాండ్రి."

ఒక్కరూ కదల్లేదు. సాయిలు ముఖం నల్లబడింది. గౌస్ సాబ్ పెద్దవాడు, పై అధికారి, ఎదురు చెప్పడం వాళ్లకు అలవాటు లేదు. అయినా సాయిలు చెప్పాడు.

"అయ్యా, గీ గడి ముంగట నుంచి పోతె మా నాయిన చెప్పులు చేతుల వట్టుకొని పోయెటోడు. నేను సుత అట్లనే పోయిన. నిన్న అంగట్ల అందరం చెప్పులు కొనుక్కున్నం. ఎందుకంటె గియ్యాల గీ గచ్చు మీద నడుస్తం అని. ఇడువుమంటె ఇడుస్తం. గని లోపటికి రాం."

 గౌస్ సాబ్‌కు ఆ సంగతి తెలియనిది కాదు. తన పని ధ్యాసలో గుర్తు రాలేదంతే. తర్వాత తన బూట్లు విప్పి, నన్ను కూడా విప్పమని సైగ చేశాడు.

"నా మాట వాపస్ తీసుకుంటున్న సాయిలూ. కాలుతోని చూసే పని మా ఇద్దరిది. మీరు చెప్పులేసుకొనే రాండ్రి."

అలా ఆ రోజు గడిలోకి ఇద్దరు అధికారులు ఒట్టి కాళ్లతో, వెనకాల కూలివాళ్లు చెప్పులతో వెళ్లాం. ఆ చప్పుడు పైకప్పు దాకా పోయి తిరిగొచ్చేది. సాయిలు భార్య అయితే పెద్ద హాలు ఈ చివరి నుంచి ఆ చివరికి టకటకా నడిచి, మళ్లీ వెనక్కి నడిచి, పకపకా నవ్వింది. ఒక నియమం ఎంత మంచిదైనా అది ఏ గడప దగ్గర చెబుతున్నామో చూసుకోవాలని నాకు ఆ పొద్దున తెలిసింది. నాకు ఏ పుస్తకమూ ఆ మాట చెప్పలేదు.

ఆ నవ్వుకు స్తంభం వెనక నుంచి ఒకామె తొంగి చూసింది. యాభై దాటి ఉంటాయి. సన్నటి మనిషి, మాసిన చీర, పాదాలకు ఏమీ లేదు. మా ఒట్టి కాళ్లు చూసి భయపడింది.

"దొరలు సుత చెప్పులిడిచిన్రా? ఏమైంది?" అంది.

అద్దాల హాలు

ఆమె పేరు అంతమ్మ. ఆ గడి దొరసాని కొల్లాపూర్ వైపు పిల్ల. పెళ్లయి వస్తున్నప్పుడు పుట్టింటివాళ్లు నగలతో, పశువులతో పాటు అదే ఈడు పిల్లను ఒకదాన్ని తోడు పంపారు. అలా పంపిన పిల్లను మా వైపు ఆడబాప అనేవారు. జీతం ఉండదు, పెళ్లి ఉండదు, తిరిగి పోవడం ఉండదు. దొరసాని సంఘం రోజులకు ముందే జ్వరంతో పోయింది. దొర నగరానికి పోయేటప్పుడు పెట్టెలు, తుపాకులు తీసుకుని, ఆవులు తోలుకుపోయాడు. అంతమ్మ ఆ లెక్కలో లేదు. మిలట్రీ వాళ్లున్నప్పుడు వాళ్ల వంటవాడు ఇంత పెట్టాడు. తర్వాత ఊళ్లోవాళ్లు ఎవరో ఒకరు సద్ది ఇచ్చేవారు.

ఆమే మాకు గడి అంతా తిప్పి చూపింది. మొదట అద్దాల హాలు. గోడల నిండా నిలువెత్తు అద్దాలు, పైన గాజు దీపాల గుత్తి, మధ్యలో ఇరవై మంది కూర్చునే బల్ల, దాని చుట్టూ చెక్కడం కుర్చీలు. అద్దాలు సముద్రం దాటి వచ్చాయట. నేను ఒట్టి కాలితో అటూ ఇటూ తిరిగాను. బల్ల చుట్టూ గచ్చు తాపీ గీతలతో, నిన్న పూసినట్టే ఉంది.

"దొర ఈడ తినలేదా అంతమ్మా?" అని అడిగాను.

"ఏడ తిన్నడు? కుర్సీల కూసుంటె కాళ్లు తిమ్మిరెక్కుతయనెటోడు. వంటింటి గడపల పీటేసుకొని తిన్నడు. గీ హాలు సుట్టాలకు జూపెట్టెతందుకు. సుట్టాలు జూసిపోయెటోళ్లు. నేను తుడిసెటిదాన్ని."

గౌస్ సాబ్ నవ్వాపుకోలేకపోయాడు. పై అంతస్తుల్లోనూ అంతే. గదులు తెరిస్తే గబ్బిలాలు. గరుకు నేల. అంత పెద్ద గడిలో అప్పటిదాకా కాలికి నున్నగా తగిలిన చోట్లు వంటింటి దారి, బావి దారి, దొర లెక్కలు చూసే అరుగు, అంతే. వెట్టి వాళ్లు ఎండలో రాళ్లు మోసి లేపిన మూడంతస్తుల్లో దొర బతికింది వంటింటి గడపకూ అరుగుకూ మధ్య. నాకు కోపం రావాలి. వచ్చింది కూడా. కానీ ఆ కోపంలో ఎక్కడో దొర మీద కూడా జాలి కలిసింది, ఎందుకో చెప్పలేను.

చివరికి కిందికి దిగి దొరసాని గదికి వచ్చాం. రంగు గాజుల కిటికీలు, నల్లటి టేకు మంచం, మంచానికి వెండి పూత కాళ్లు. గదికి మేడంత దర్వాజ. దానికి లోపల గడియ లేదు, తీసేసిన గుర్తు మాత్రం ఉంది. గొళ్లెం బయటి వైపు ఉంది. మంచం చుట్టూ నేల గరుకు. దర్వాజ దగ్గరికి వచ్చేసరికి నా కాలు ఆగిపోయింది. గడపకు లోపలి వైపు ఒక మనిషి పడుకునేంత మేర గచ్చు అద్దంలా నున్నగా ఉంది. గడప దాటి బయట కాలు పెట్టాను. అక్కడా సరిగ్గా అంతే. గౌస్ సాబ్‌ను పిలిచాను. ఆయన కూడా రెండు వైపులా తొక్కి చూసి, టేపు తియ్యమన్నాడు.

మంచి చేయబోయి

ప్లాను తేలింది. అద్దాల హాలు మందులిచ్చే చోటు. దొరసాని గది, దాని ముందున్న వసారా కలిపి రోగుల వార్డు. అంటే ఆ రెంటికీ మధ్య ఉన్న గోడ, దర్వాజ, గడప కొట్టేయాలి. డాక్టరు వచ్చేనాటికి గడిలో సర్కారు మనుషులు తప్ప ఎవరూ ఉండకూడదని పై నుంచి హుకుం.

అది అంతమ్మకు చెప్పే పని నా మీద పడింది. విని, ఆమె ఏడవలేదు. "నన్ను ఏడికి వొమ్మంటరు దొరా?" అని మాత్రం అడిగింది.

"దొర అనకు. మీ ఊరేది? అక్కడికి పంపిస్తాం."

"కొల్లాపూర్ దిక్కు. ఊరి పేరు తెల్వది. దొరసాని, నేను బండిల పండుకొని వొచ్చినం. లేసే వరకు గీడున్నం."

 ఆమె ఎక్కడికి పోవాలన్నది ఆ రోజు నుంచి నాకు పెద్ద దిగులైంది. ఊళ్లో ఎవరింట్లోనైనా ఉంచుదామంటే, గడి మనిషి అని జంకారు. వాళ్లను తప్పుపట్టలేను. గడి అంటే వాళ్లు పడినవి అలాంటివి.

ముందు ఒక పని చేద్దామనుకున్నాను. గోడ కొట్టే దాకా దొరసాని గదిలో ఆ వెండి కాళ్ల మంచం మీదనే పడుకొమ్మని అంతమ్మకు చెప్పాను. ఇన్నాళ్లూ ఊడ్చిన గదిలో ఆమె రాణిలా పడుకుంటుంది అనుకుని నాలో నేనే మురిసిపోయాను. మేం బయటి కొట్టంలో మకాం ఉండేవాళ్లం. తెల్లారి పోయి చూద్దును కదా, దర్వాజ బార్లా తెరిచి ఉంది, మంచం మీద దుప్పటి ముడతపడలేదు, అంతమ్మ గడప బయట వసారాలో ముడుచుకుని ఉంది.

నాకు చిర్రెత్తుకొచ్చింది. "దొర పోయిండు, దొరసాని పోయింది. ఇంక ఎవరికి కాపలా కాస్తున్నవు? బానిసతనం ఇంత ఒంటపడితే ఎట్లా?" అని గట్టిగా అన్నాను. సాయిలు కూడా పక్కనే ఉన్నాడు, తల ఊపాడు.

అంతమ్మ లేచి కూర్చుంది. నా మాటకు నొచ్చుకుందో లేదో తెలియలేదు. గడప లోపలి వైపు నేలను చేత్తో నిమిరింది.

"కాపలా కాదయ్యా. దొర రాత్రి కాంగనే బైటి నుంచి గొళ్లెం వెట్టిచ్చెటోడు. ఆమెకు లోపట భయమయితుండె. అంత మంచం, అంత గది. మంచం మీద నుంచి దిగొచ్చి గీడ లోపట పండేది. నేను గీడ బైట పండేదాన్ని. నడుమ దర్వాజ. కింది సందులకెళ్లి ముచ్చట వెట్టుకునేటోళ్లం. సందులకెళ్లి ఆమె వేళ్లు జాపేది, నేను వట్టుకునేదాన్ని. సచ్చిపోయిన నాడు సుత గట్లనే ఉండె."

సాయిలు చెప్పులతో వసారాలో నిలబడి ఉన్నవాడు రెండడుగులు వెనక్కి జరిగాడు. ఆ నున్నటి గచ్చు మీద నుంచి. 

"మరి రాత్రి మంచం మీద ఎందుకు పడుకోలేదు?" అని మెల్లగా అడిగాను.

"పండుకున్న. నిద్ర వట్టలె. చీకట్ల చెయ్యి జాపితె గోడ అందదు. నేనేడున్ననో నాకే తెల్వకపాయె."

చేతికి అందే గోడ

గౌస్ సాబ్‌కు ఇదంతా చెప్పాను. ఆయన వచ్చి ఆ గడప పక్కన చాలాసేపు కూర్చున్నాడు. నగరంలో ఒకే గదిలో ఉన్న తన పిల్లలు గుర్తొచ్చారేమో, తెలియదు. తర్వాత అంతమ్మను పిలిచాడు.

"అమ్మా, నీకు ఎట్లాంటి జాగా కావాలె?"

ఆమెకు ప్రశ్న అర్థం కావడానికి కాసేపు పట్టింది. అంతకు ముందు ఆ ప్రశ్న ఆమెను ఎవరూ అడగలేదు. ఆయన మళ్లీ అడిగాడు. అప్పుడామె వసారా చివర, బావి దారి పక్కన ఖాళీ స్థలంలోకి పోయి వెల్లకిలా పడుకుంది. రెండు చేతులూ బార్లా చాపింది. "గీడికి ఒక గోడ. గీడికి ఒక గోడ" అంది. సాయిలు సున్నం పొడి తెచ్చి ఆమె వేళ్ల కొసల దగ్గర గీత గీశాడు. నేను వృత్తిలో గీయించిన ప్లాన్లలో అంత సూటిగా వచ్చింది ఇంకొకటి లేదు.

ఇక హుకుం సంగతి. గౌస్ సాబ్ అంతమ్మను అడిగాడు: "దవాఖానల ఆయా కావాలె. రోగులకు నీళ్లియ్యాలె, దీపాలు వెట్టాలె. రాత్రి ఎవలన్న వొస్తె నిన్ను లేపుతరు. చేస్తవా?"

"చేస్త. లేపుడు నాకు అలవాటే. కాలుతోని తట్టి లేపెటోళ్లు."

గౌస్ సాబ్ కళ్లు దించుకున్నాడు. "ఈడ కాలుతోని లేపరు. దర్వాజ కొడతరు" అన్నాడు.

సాయిలు మనుషులు ఆ రోజే పునాది తీశారు. గోడలు మోకాలి ఎత్తుకు వచ్చాయో లేదో, కొత్తగా వచ్చిన పెద్ద అధికారి తనిఖీకి దిగాడు. అంతమ్మను చూసి, "ఈ ముసలామె ఇంకా ఇక్కడే ఉందేం?" అన్నాడు. గౌస్ సాబ్ ముందుకొచ్చాడు. ఆయన పేరు అడిగి, విని, అధికారి ఒకసారి ఎగాదిగా చూశాడు. ఆ రోజుల్లో ఆ చూపుకు ఉద్యోగాలు పోయేవి. 

"ఈమె దవాఖాన ఆయా సాబ్. ఈ ఇంట్ల దీపం ఏడ వెట్టాలో, నీళ్లు ఏ దిక్కు నుంచి తేవాలో వేరే ఆయాకు నేర్పాలంటె ఏడాది వడతది. ఉండెతందుకు గది కట్టించినం."

"ఎక్కడ?"

గౌస్ సాబ్ మోకాలి ఎత్తు గోడల వైపు చెయ్యి చూపాడు. "అదో. పైకప్పు ఒక్కటి మిగిలింది."

పైకప్పు ఒక్కటి కాదు, గోడలే ఇంకా లేవాల్సి ఉంది. సాయిలు దగ్గు వచ్చినట్టు నటించి ముఖం తిప్పుకున్నాడు. అధికారి ఆ గోడల వైపు చూశాడు, గౌస్ సాబ్ వైపు చూశాడు. ఆయనకూ విషయం అర్థమై ఉంటుంది. "తొందరగా కానివ్వండి" అని జీపెక్కాడు. ఆ ఒక్క మాటకు నేను ఆయన్ను ఇప్పటికీ తలుచుకుంటాను.

తర్వాత వార్డు కోసం దొరసాని గది గోడ కొట్టే రోజు వచ్చింది. సాయిలు దర్వాజ, చౌకట్టు, గడప పగలకుండా ఊడదీయించాడు. అవి తెచ్చి అంతమ్మ గదికి పెట్టాడు. పెట్టేటప్పుడు చౌకట్టు వెనక్కి తిప్పాడు. బయటున్న గొళ్లెం లోపలికి వచ్చింది. ఇలా పెట్టమని మేం ఎవరం చెప్పలేదు. ఆ దర్వాజ ఎత్తుకు తగ్గట్టు గోడలు లేపాల్సి వచ్చి, ఆ గది సన్నగా పొడుగ్గా, తాత చొక్కా తొడుక్కున్న పిల్లాడిలా తేలింది. గౌస్ సాబ్ దాన్ని చూసినప్పుడల్లా నవ్వేవాడు.

పిల్లలకు రెండు ముక్కలు

తర్వాత నేను చాలా కట్టాను. మహబూబ్‌నగర్‌లో ఒక అధికారి కింద పనిచేశాను. ఆయనకు వరండా స్తంభాలంటే ప్రాణం. స్తంభాల నీడ లోపల పడి చీకటైతే, పగలే దీపాలు వెలిగించమనేవాడు. ఆయన దగ్గర నేను నేర్చుకున్నది, పై అధికారి మాట వింటూనే కిటికీ ఒక జానెడు పెద్దది పెట్టడం ఎలాగో. అది కూడా విద్యే, తక్కువగా చూడకండి.

పెద్ద ఇల్లు కట్టడం తప్పని నేననను. డబ్బున్నవాడు కట్టుకుంటాడు, మీరు కట్టి పెడతారు. కానీ గీత గీసే ముందు అడగండి. ఎవరెవరు ఉంటారు, ఎవరి పక్కన ఎవరు కూర్చుంటారు, పని చేసే మనిషి ఎక్కడ నడుం వాలుస్తుంది. చివరి ప్రశ్నకు జవాబు దొరక్కపోతే ప్లాను వెనక్కిచ్చేయండి. మెప్పు కోసం కట్టిన హాళ్లను తుడిచేవాళ్లు తప్ప తొక్కేవాళ్లు ఉండరు. నేను అలాంటి నేలలు చాలా తొక్కాను, నా అరికాళ్లకు బాగా తెలుసు. ఇప్పుడు ఆ నార్కట్‌పల్లి అబ్బాయి మళ్లీ వస్తే కోప్పడను, ఒకసారి మోత్కూర్ వైపు తీసుకుపోతాను.

గౌస్ సాబ్ ఉద్యోగం నిలిచింది. రిటైరయ్యాక నగరంలో రెండు గదుల ఇల్లు కట్టుకున్నాడు. దాని ప్లాను నాతోనే గీయించాడు, అది నాకు దక్కిన పెద్ద గౌరవం. అంతమ్మ తన చేతనైనన్నాళ్లు ఆ దవాఖానలో ఆయాగా ఉంది. ఆ గదిలోనే కన్నుమూసింది. ఆ చుట్టుపక్కల ఊళ్లలో కాన్పుకు వచ్చిన ఆడవాళ్లు ఆమెను అవ్వ అని పిలిచేవారని తర్వాత వెళ్లినప్పుడు విన్నాను.

నాకు మాత్రం ఆమె పేరు వినగానే గుర్తొచ్చేది గది పూర్తయిన పొద్దు. సున్నం వాసన ఇంకా పోలేదు. సాయిలు దర్వాజ కీళ్లకు నూనె పూశాడు. "ఇగ నీదే, లోపటికి నడువు" అన్నాడు. అంతమ్మ తన బొంత చంకన పెట్టుకుని లోపలికి పోయింది. దర్వాజ మూసింది. లోపల గొళ్లెం పడిన చప్పుడు మా అందరికీ వినబడింది.

చాలాసేపు ఏ అలికిడీ లేదు. మేం బయట నిలబడ్డాం. లోపల ఏమైందోనని నాకు బెంగ మొదలైంది. పోయి పిలుద్దామని గౌస్ సాబ్ బూట్లు విప్పాడు, నేనూ విప్పాను. అదీ అలవాటే. పక్కకు చూస్తే సాయిలు వంగి తన చెప్పులు విప్పుతున్నాడు. వెనకాల అతని భార్య, మిగతావాళ్లు కూడా. ఈసారి ఎవరూ ఎవరినీ అడగలేదు.

నేను దర్వాజ మీద మెల్లగా తట్టాను.

"ఎవలు?" అని లోపల నుంచి అంతమ్మ గొంతు. అంత గట్టిగా ఆమె మాట్లాడటం నేను అంతవరకు వినలేదు.

"నేనే అంతమ్మా, ఓవర్‌సీర్‌ని. గౌస్ సాబ్ ఉన్నడు, సాయిలు ఉన్నడు."

 ఆమె లోపల నుంచే అంది:

"జర ఆగున్రి కొడుకా. వొస్తున్న."

మేం అందరం, ఒట్టి కాళ్లతో, ఆమె గడప బయట ఆగాం.